బుగ్గలో గింజ పెట్టుకున్న మనిషి

పోయిన శుక్రవారం పొద్దున, కొట్టు ముందు ఊడ్చి నీళ్లు చల్లి ఇంకా గద్దె మీద కూర్చోనే లేదు, యాపలదిన్ని నుంచి ఒకామె వచ్చి చీటీ నా చేతిలో పెట్టింది. పసుపు, కుంకుమ, నువ్వులు, బెల్లం, టెంకాయలు, ఊదుబత్తీలు. అన్నీ పొట్లాలు కట్టాక కాస్త ఆగి, "సావుకారమ్మా, జర మైసాక్షి గూడ ఇయ్యి. మూడో నెల మాసికం ఉన్నది" అంది.

"ఎవరికమ్మా?" అన్నాను, పై అరలో డబ్బా కోసం చెయ్యెత్తుతూ.

"మా మామకు. నువ్వు ఎరుగనోడా. నీ మెట్ల మీన కూసుంటుండె గదా, బుగ్గల గింజ పెట్టుకోని."

నా చెయ్యి డబ్బా మీదే ఉండిపోయింది. ఆయన పోయి మూడు నెలలు కావస్తోందని నాకు అప్పుడే తెలిసింది. రాయచూరు బజారుకూ ఆ ఊరికీ ఎంత దూరమని, బస్సెక్కితే వచ్చేస్తుంది. ఆయన రాకపోతే ఎండలు కదా అనుకున్నాను. తర్వాత వానలు కదా అనుకున్నాను. కావలసిన మనిషి గురించి కూడా ఇట్లాగే సర్ది చెప్పుకుంటూ పోతాం.

మైసాక్షి అంటే ఒక చెట్టు బంక. మనిషెత్తు కంటే పెరగని చెట్టు, వంకరటింకర కొమ్మలు, కొమ్మ చివర ముల్లు, కాగితంలా పొరలు లేచే బెరడు. బెరడు మీద కత్తితో చెక్కు పెడితే బంక కారి గడ్డకడుతుంది. నిప్పుల మీద రెండు పలుకులు వేస్తే ఇల్లంతా పొగ. మా బజారులో శుక్రవారం సాయంత్రం ఆ పొగ వెయ్యని కొట్టుండదు. మందులు చేసేవాళ్లు కూడా కొంటారు కాబట్టి దానికి గిరాకీ ఎప్పుడూ తగ్గింది లేదు. తగ్గింది చెట్లే.

నేను గద్వాల నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటికి మా మామగారు కొట్లో కూర్చునేవారు. అప్పుడు ఈ యాపలదిన్ని ఆయన నడివయసు మనిషి. గుట్టల్లో తిరిగి మైసాక్షి, కుంకుడుకాయలు, చింతపండు తెచ్చి మాకు అమ్మేవాడు. నేను వంటింటి గుమ్మంలోంచి చూడడమే తప్ప మాట్లాడింది లేదు. మామగారు పోయి, మావారికి నడుము నొప్పి పట్టుకుని, కొట్టు నా నెత్తిన పడ్డాకనే ఆయనతో నాకు మాటలు కలిశాయి. అప్పటికే జుట్టంతా నెరిసింది. మైసాక్షి తేవడం ఎప్పుడో మానేశాడు. నెలకు ఒకటి రెండు సార్లు బస్సు దిగి వచ్చి మూడో మెట్టు మీద కూర్చునేవాడు. పై మెట్టు మీద కూర్చోమంటే, "గిరాకీకి అడ్డమైతనమ్మా" అనేవాడు.

మొదటిసారి ఆయన బుగ్గ చూసి పన్ను వాచిందేమో అనుకున్నాను.

"ఏమైంది పెద్దయ్యా, పన్ను నొస్తుందా? లవంగం ఇయ్యాల్నా?"

ఆయన తల అడ్డంగా ఊపి, నోరు కొంచెం తెరిచి, నాలికతో ఒక గింజను ముందుకు తోసి చూపించాడు. శనగగింజంత కూడా లేదు. మళ్లీ బుగ్గలోకి నెట్టేశాడు.

"మైసాక్షి గింజ. ఊకెనే ఏస్తే మొలుస్తలేదు. పిట్ట తిని ఏసింది మొలుస్తది. పిట్ట పొట్టల ఏముంటదమ్మా? యెచ్చగుంటది, తడిగుంటది. నా నోట్ల గూడ గదే గదా."

నాకు నవ్వొచ్చింది, కాస్త రోతా పుట్టింది. టీ తెప్పిస్తే ఆయన గింజలు బయటికి తీసి, తువ్వాలు కొసకు ముడేసి, టీ తాగి, మూతి తుడుచుకుని, ముడి విప్పి మళ్లీ నోట్లో వేసుకునేవాడు. "ఛీ, ఏంది పెద్దయ్యా గది" అంటే, "పిట్టనైతే ఛీ అనవు, నన్నైతే అంటవా?" అని ఒక పక్క నోటితో నవ్వేవాడు. పొద్దున వేసుకున్న గింజలు పొద్దుగూకే దాకా అక్కడే. ఇంటికి పోయి నూనె డబ్బాలో పోసిన తడి ఇసుకలో పెట్టేవాడట.

అది ఒక్కటే కాదు, ఆయన చెయ్యని పని లేదు. మేక పెంటికల నీళ్లలో నానబెట్టాడు. ఆవు పంచితంలో నానబెట్టాడు. కోడికి మేపాడు. "కోడి మంచిది గాదమ్మా, పిండి పిండి చేసింది" అని ఎంతో గంభీరంగా చెప్పాడు. మా మూడో మెట్టు నాపరాయి అంచుకు గింజల్ని ఒక్కొక్కటిగా రుద్దేవాడు, పెంకు పలచబడితే నీళ్లు లోపలికి పోతాయని. ఆ అంచు ఇప్పటికీ అరచెయ్యంత మేర నున్నగా ఉంటుంది. తెలియక కాలు పెడితే జారుతుంది.

ఒకసారి పాత చీర ఉంటే ఇమ్మన్నాడు. కోడలికేమో అనుకుని నా నీలం వాయిల్ చీర, చిరుగు లేనిది, ఇచ్చాను. నెల తర్వాత అడిగితే, గుట్ట మీద చెట్టు పక్కన ముళ్లకంప నిలబెట్టి, పిట్టలు దాని మీద వాలితే వాటి రెట్టలు పడేటట్టు చీర కింద పరిచానన్నాడు. "మంచిగ పడుతున్నయమ్మా" అన్నాడు. ఆ చీర నా పెళ్లినాటిదని చెప్పలేకపోయాను.

మొలిచాయా లేదా అని అడిగితే ఆయన నోటితో చెప్పేవాడు కాదు. చెయ్యి చూపించేవాడు. పిడికిలి చూపిస్తే ఒక్కటీ లేదని. చాలా కాలం పిడికిలే చూశాను. బస్సు దిగి బజారు మలుపు తిరుగుతూనే, ఇంకా నాలుగు కొట్ల అవతల ఉండగానే పిడికిలి పైకెత్తేవాడు. నేను గద్దె మీద నుంచే నాలిక చప్పరించేదాన్ని. ఒక ఏడు ఒక వేలు లేచింది. ఇంకో ఏడు మూడు. బుగ్గలో నానబెట్టడం, రాయికి రుద్దడం రెండూ చేసిన గింజలు వేసిన ఏడు అయిదు వేళ్లూ విప్పి చూపిస్తూ వచ్చాడు. ఆ రోజు ఆయన్ను పట్టలేకపోయాం. ఎదురుగా సైకిల్ దుకాణం ఆయనకూ చూపించాడు. బస్సులో కండక్టరుకు కూడా చూపించే ఉంటాడు.

ఆ అయిదింట్లో మూడు ఎండకు పోయాయి, రెంటిని మేకలు మేశాయి. "ఈ పారి సుట్టు కంప కొడ్త" అన్నాడు గానీ దిగులు పడలేదు. దారి దొరికిందన్న ధీమా ఆయనది.

ఆయనది ఇంకో చాదస్తం ఉండేది. శుక్రవారం వస్తే పొద్దుగూకక ముందే లేచేవాడు. ఒక్కోసారి మాటల్లో పడి మరిచిపోయి, నేను నిప్పుల పళ్లెంలో మైసాక్షి వెయ్యగానే గబుక్కున లేచి రోడ్డు దాటి, సైకిల్ దుకాణం రేకుల కింద నిలబడేవాడు. పొగంతా పోయాకే మళ్లీ వచ్చేవాడు.

"ఏం పెద్దయ్యా, పొగేస్తే పారిపోతున్నవ్. దయ్యం గియ్యం పట్టిందా ఏంది?" అని ఆటపట్టించేదాన్ని.

"నాకు గా వాసన పడదమ్మా. దగ్గొస్తది" అనేవాడు. బీడీ తాగే మనిషికి మైసాక్షి పొగకు దగ్గొస్తుందంటే నేను నమ్మలేదు, అట్లాగని గుచ్చి అడగనూ లేదు.

ప్రతి మృగశిరకూ మా కొట్లో సొరగింజలు తీసుకునేవాడు. పదో పన్నెండో. ఒక గింజను పంటి కింద కొరికి, "ఇది మంచిగున్నది" అని మిగతావి తువ్వాలు కొసకు కట్టుకునేవాడు. తీగ కాస్తే మొదటి కాయ నాకే తెచ్చేవాడు. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చేవాడు కాబోలు, కాయ మీద నూగు కూడా చెదిరేది కాదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పడానికి మనసొప్పదు, అయినా అందుకోసమే ఇది రాస్తున్నాను.

మా ఇళ్లల్లో గింజ ఏరడం ఒక ప్రతిష్ఠ. కొట్టుకు వచ్చిన సరుకేదైనా ఆడవాళ్ల చేటలోంచి పోకుండా డబ్బాలోకి పోదు. కందిపప్పులో నల్ల పలుకు, మినుముల్లో రాయి, ధనియాల్లో పుల్ల, ఒక్కటి గిరాకీ కంట పడ్డా పరువు పోయిందనే లెక్క. మా అత్తగారు చేట చెరిగితే ఆ చప్పుడు విని పక్కింటి వాళ్లు కొత్త సరుకు దిగిందనుకునేవారు. నేను వచ్చాక ఆమె కంటే బాగా ఏరుతానని పేరు తెచ్చుకున్నాను. రాయచూరు బజారులో, "గా కొట్ల పప్పు కడగాల్సిన పనిలేదు" అంటారే, ఆ కొట్టు మాదే.

అయిదు వేళ్లు చూపించిన ఏడాది తర్వాతి వేసవిలో, ఆయన ఒక గుడ్డసంచి తెచ్చి నా ముందు పెట్టాడు. రెండు గుప్పెళ్ల గింజలుంటాయి. గుట్ట మీద ఆ జాతి చెట్టు మిగిలింది ఒక్కటే. రాళ్ల సందులో, ఎవరి కత్తీ అందనిచోట. దాని గింజలు, పిట్టలు వేసినవీ కింద రాలినవీ, ఆ కాపులో దొరికినవన్నీ అవే.

"కంటి ఆపరేషన్ చేస్తరంట. మా ఇంట్ల ఎలుకలు, పైన కప్పు కారుతది. నీ డబ్బాల దాయమ్మ. ఆర్ద్రల వచ్చి తీస్కపోత" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఈ పారి రెండు చేతులు చూపిస్త" అన్నాడు.

ఆ మాట నాకు చాలా నచ్చింది. ఆ మనిషికి నేను కూడా ఏదన్నా చేద్దామనిపించింది. నాకు చేతనైంది ఒక్కటే కదా.

మధ్యాహ్నం గిరాకీ లేని వేళ సంచి విప్పి చేటలో పోశాను. సగం గింజలు తెల్లగా, నదరుగా ఉన్నాయి. సగం నల్లగా, మాడినట్టు, పుచ్చినట్టు ఉన్నాయి. అయ్యో పాపం, కళ్లు కనపడక చెడినవన్నీ కలిపి తెచ్చుకున్నాడనుకున్నాను. రెండు మధ్యాహ్నాలు కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని, నల్లవి ఒక్కటి లేకుండా ఏరాను. ఏరినవి ఊడ్చిన చెత్తతో పాటు చెత్తబండిలో పోశాను. తెల్లవి కడిగి, నీడన ఆరబెట్టి, కొత్త సంచిలో పోసి మూతి కుట్టాను.

ఆర్ద్రలో వచ్చాడు. కంటికి నల్ల అద్దాలు. సంచిని అరచేతిలో పెట్టి పైకీ కిందికీ ఆడించాడు.

"తక్కువైనట్టున్నదమ్మా."

"చెత్త పోయింది పెద్దయ్యా. నల్లవి, పుచ్చినవి తీసేసిన. ఇప్పుడు అన్ని గట్టి గింజలే."

ఆయన కుట్టు విప్పి, అద్దాలు నుదుటి మీదికి తోసి, గింజల్ని వెలుతురులో పట్టి చూశాడు. ముఖం విచ్చుకుంది. "ఇంత తెల్లగుంటయా ఇవి? ఇన్నేండ్లు నాకు అన్ని మబ్బు మబ్బుగనే ఉండె. వయసున్నప్పుడు బెరడు చూసినగని గింజ యాడ చూసిన" అన్నాడు. "నువ్వు ఏరినంక ఇగ తిరుగేముంటది."

పేరుకు తగ్గ పని చేశానని ఆ రోజంతా నాకు ఒకటే సంబరం. మావారితో రెండుసార్లు చెప్పాను.

ఆ సంచిలో గింజలన్నీ ఆయన నోట్లో పెట్టాడు, రాయికి రుద్దాడు, ఇసుకలో వేశాడు. నూనె డబ్బాలు చాలక కుండలు కొన్నాడు. ముందే కంప కొట్టి పెట్టుకున్నాడు. నేను రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. వానాకాలం సగం గడిచాక వచ్చాడు. బజారు మలుపు నుంచి చెయ్యి ఎత్తలేదు. వచ్చి మూడో మెట్టు మీద కూర్చుని, చెయ్యి మోకాలి మీదే ఉంచి పిడికిలి బిగించాడు. నా వైపు చూడలేదు.

"ఒక్కటన్న లేదా?" అన్నాను.

"లేదమ్మా." ఆయన ఆ సంగతి నోటితో చెప్పడం అదే మొదలు. "తవ్వి చూసిన. ఇసుకల ఏసినయి ఏసినట్టే ఉన్నయి. ఉబ్బింది గూడ లేదు. చెట్టు కాడికి పోదామంటే గుట్టకు కంకర మిషన్ వచ్చింది. గా రాళ్లు పోయినయి, చెట్టు పోయింది."

టీ తెప్పించాను. తాగలేదు. అప్పుడు చెప్పాడు, పొగ అంటే ఎందుకు పడదో.

"నా చేతుల్లనే పోయినయమ్మా అన్ని. మీ మామ తప్పు లేదు. ఆయన ఇంక తే ఇంక తే అనె, నేను తెచ్చిన. ఒక్క చెక్కు పెట్టాల్సిన తావుల నాలుగు పెట్టిన. ఎవడో చెప్పిండని మందు పూసిన. మందు పూస్తే దండిగ కారుతది, రెండేండ్లకు చెట్టు సస్తది. గుట్ట మీద ఎన్నుండెనో నేను ఎంచలే. ఒక యాడాది పోయి చూస్తే అన్ని కట్టెలే. ఆ కట్టెలు గూడ తెచ్చి పొయ్యిల పెట్టుకున్న." అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "ఆ చెట్టుకు నా చెయ్యి ఎరుకైంది. ఎవరన్న ఏస్తే మొలుస్తదేమో. నేనేస్తే మొలవది."

"అట్లనకు పెద్దయ్యా" అన్నాను. నిజం చెప్పాలంటే, అదే నిజమేమోనని నాకూ లోపల అనిపించింది. ఇంకా తే అన్నది మా మామగారే. ఆ బంక అమ్మిన గల్లాపెట్టె ముందే నేను కూర్చుని ఉన్నాను.

పోతూ పోతూ, ఇసుకలోంచి తీసిన గింజలు ఓ పది నా గాజుసీసాలో వేసి, "నీ దగ్గరుండనీ" అన్నాడు. ఆ తర్వాత ఆయన బుగ్గ మళ్లీ ఉబ్బెత్తుగా కనిపించలేదు. నోటినిండా మాట్లాడేవాడు, అదే నాకు వింతగా ఉండేది.

ఆ ఏడాది చలికాలంలో యరగేర వైపు ఒక నర్సరీలో పనిచేసే మనిషి పురికొస కోసం కొట్టుకు వచ్చాడు. కన్నడం మనిషి, తెలుగు కలిపి మాట్లాడతాడు. గల్లాపెట్టె పక్కన సీసా చూసి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇవి గుగ్గుళ గింజలు కదా అమ్మారే? మైసాక్షివి. ఎక్కడివి? అయితే అన్నీ జొళ్ళు."

జొళ్ళు అంటే కన్నడంలో తాలు. లోపల పప్పు లేనివి. నాకు అర్థం కానట్టు చూశాను. ఆయన ఒక గింజ గద్దె మీద పెట్టి తూకపు రాయితో కొట్టాడు. పెంకు పగిలింది. లోపల ఏమీ లేదు. ఇంకోటి కొట్టాడు. అదీ అంతే.

"తెల్లవి మొలవవమ్మా. నల్లవే మొలిచేది. మేము ముందు తెల్లవన్నీ తీసి పారేస్తాం. నల్లవి జర రుద్ది, నానబెట్టి ఇసుకలో వేస్తాం. అట్లా చేసినప్పటి నుంచి మొలకలు బాగా వస్తున్నాయి. ఇక్కడ ఎవరో ఉల్టా చేసినట్టుంది" అని నవ్వాడు. "కావాలంటే రెండు మొక్కలు ఇస్తాను రండి. నర్సరీలో ఉన్నాయి."

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నేనూ నవ్వాను. నవ్వి, పురికొస కట్ట చేతికిచ్చి పంపించాను. తర్వాత మిగిలిన ఎనిమిదీ ఒక్కొక్కటిగా నేనే పగలగొట్టాను. అన్నీ ఖాళీ. ఇన్నేళ్లూ ఆయన డబ్బాల్లో మొలిచినవన్నీ ఆ కలగలుపులోని నల్లవే. బుగ్గా, రాయీ, చీరా అన్నీ సరిగ్గానే పనిచేశాయి. మొలవాల్సిన గింజలనే నేను చెత్తబండిలో పోశాను.

ఇక్కడిదాకా జరిగింది తెలియక చేసిన తప్పు. దానికి నన్ను నేను క్షమించుకోగలను. తర్వాత చేసింది తెలిసి చేసింది.

ఆయన ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నాడు. రెండేళ్లు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ చెప్పాలనుకున్నాను. చెట్టే పోయాక చెప్పి లాభమేముంది అనుకున్నాను. నల్లవి నేనే పారబోశానంటే ఇంకా బాధపడతాడు అనుకున్నాను. ఇవన్నీ నేను అల్లుకున్న మాటలు. అసలు సంగతి, నేను ఏరిన గింజకు వంక ఉందని నా నోటితో నేను చెప్పలేకపోయాను. నర్సరీకి పోయి రెండు మొక్కలు తెచ్చి ఆయన చేతిలో పెట్టొచ్చు. పెడితే ఎక్కడివి, ఎట్లా మొలిపించారని అడుగుతాడు. అందుకని అదీ చెయ్యలేదు.

ఒక రోజు మాత్రం నాలిక చివరిదాకా వచ్చింది. ఆయన మెట్టు అంచు మీద నున్నబడిన చోట వేలితో రాస్తూ కూర్చున్నాడు. కొట్లో ఎవరూ లేరు.

"పెద్దయ్యా, నీకొక మాట చెప్పాలె" అన్నాను.

ఆయన తల తిప్పి చూశాడు. ఆపరేషన్ అయిన కన్ను తేటగా ఉంది. "చెప్పమ్మా" అన్నాడు.

"గా నల్లవి..." అన్నాను. ఆగాను.

"ఏం నల్లవి?"

"నల్ల అద్దాలు పెట్టుకుంటలేవేంది, ఎండకు. టీ తాగుతవా?"

"తాగుత" అన్నాడు. తువ్వాలు కొసకు ముడెయ్యాల్సిన పనిలేదు కాబట్టి కప్పు వెంటనే అందుకున్నాడు.

పోయిన శుక్రవారం, ఆ కోడలు ఎదురుగా నిలబడి ఉండగా, డబ్బా దించి మైసాక్షి తూచాను. పొట్లం కట్టి ఇవ్వబోతూ, "ఆయనకు ఈ వాసన పడదు గదమ్మా" అన్నాను.

"ఎరుకే. పెద్దోళ్లు ఉండాలె అంటున్నరు. నేనేం జేతు" అంది. పొట్లం అందుకుని, ఆమె తనంతట తానే చెప్పింది. "ఆఖరి రెండేండ్లు మస్తు చాదస్తమైపోయిండమ్మా. కూరాటికి అందరం చేన్లకు పోతే ఈయన గట్టు మీన కూసుంటుండె. గింజ ముట్టకపోతుండె. 'నా చెయ్యి మంచిది గాదు, నువ్వే ఎయ్యి' అంటుండె. పుట్టిన కాడికెల్లి ఎవుసం జేసిన మనిషి. మేం నవ్వుకున్నం. పోనీ, బలవంతం వద్దనుకున్నం."

కూరాడంటే విత్తనం వేసే రోజు. ఇంటికి పెద్దవాడి చేత మొదటి గింజ వేయిస్తారు.

నేను లేచి గద్దె దిగాను. దిగి ఆమె పక్కకు వచ్చి, రెండు మధ్యాహ్నాలు చేట ముందేసుకున్న దగ్గర నుంచి, తూకపు రాయి కింద పగిలిన గింజల దాకా మొత్తం చెప్పాను. ఏదీ దాచలేదు. రెండేళ్లు దాచానన్నది కూడా దాచలేదు. నర్సరీలో మొక్కలున్నాయని, నేనే పోయి తెస్తానని అన్నాను.

ఆమె పొట్లాలు ఒక్కొక్కటే సంచిలో సర్దుకుంది. సర్దడం అయ్యాక సంచి చంకన పెట్టుకుంది.

"తెస్తే తెయ్యి, పెడ్త. మొక్క ఏం పాపం చేసింది" అంది. మెట్లు దిగుతూ మూడో మెట్టు దగ్గర కాలు జారబోయి, నిలదొక్కుకుని, వెనక్కి తిరిగి చూసింది. "గని ఆయన ఉన్నప్పుడు ఒక్క మాట చెప్పింటే, కొట్టం మీదికి సొరగింజన్న పెట్టుకుంటుండె గదమ్మా."

ఆమె పోయాక మైసాక్షి డబ్బా తిరిగి పై అరలో పెట్టాను. సొరగింజల డబ్బా కింది అరలోనే ఉంటుంది, మూడో మెట్టు మీద కూర్చున్న మనిషి చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో. రెండు మృగశిరలు ఆయన దాని పక్కనే కూర్చుని, ఒక్క గింజ అడగకుండా లేచి పోయాడు. ఒక్క సొరకాయ రాలేదు. వయసు మీద పడింది, తీగకు నీళ్లెవరు పోస్తారులే అనుకున్నాను. ఎందుకు తీసుకోవట్లేదు పెద్దయ్యా అని నేను అడగలేదు.